గ్యాస్ గీజర్‌లోని కరెంటు భద్రతా పరికరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో కోరాపుట్, సునాబెడా, సెమిలిగుడ, దామన్‌జోడి, జైపూర్, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో కార్తీక మాసం మొదలవగానే గ్యాస్ గీజర్ మీద అవే సందేహాలు మళ్లీ వస్తుంటాయి. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. ఇక్కడ చెప్పేది ఎక్కువగా రెండు పెద్ద టార్చి సెల్స్‌తో నడిచే, నిమిషానికి 6 లీటర్ల ఎల్‌పీజీ గీజర్ గురించి. ఫ్యాన్ ఉండి 230 వోల్టులతో నడిచే రకానికి విడిగా ఒక ప్రశ్న ఉంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ముట్టుకునే ముందు

మా గీజర్ రోజూ బాగానే వెలుగుతోంది. మళ్లీ పరీక్ష ఎందుకు?

వెలగడం చూస్తే గీజర్ పని చేస్తోందని తెలుస్తుంది. ఆగాల్సినప్పుడు ఆగుతుందో లేదో మాత్రం తెలియదు. భద్రతా పరికరాల పని ఆపడమే. నీళ్లు ఆగితే మంట ఆగాలి, మంట ఆరితే గ్యాస్ ఆగాలి, నీళ్లు మరీ కాగితే అంతా ఆగాలి. నీళ్ల కదలికను పసిగట్టే చిన్న స్విచ్ (మైక్రోస్విచ్) అతుక్కుపోయిన గీజర్ కూడా, వేడి మితిమీరితే కరెంటు తెంపే ఓవర్‌హీట్ కటౌట్‌కు వైరు ముక్కతో షార్ట్ చేసిన గీజర్ కూడా ఉదయాన్నే చక్కగా వెలుగుతాయి. అందుకే ప్రతి పరికరాన్నీ కావాలనే ఆపించి చూడాలి. చలికాలం మొదట్లో ఒకసారి, సంక్రాంతికి చుట్టాలు రాకముందు ఇంకోసారి చూసుకుంటే మంచిది.

టాప్ తిప్పినప్పటి నుంచి మంట వచ్చేదాకా లోపల ఏం జరుగుతుంది?

నీళ్లు కదలగానే వాటర్ వాల్వ్‌లోని రబ్బరు పొర (డయాఫ్రమ్) ఉబ్బి ఒక పిన్నును తోస్తుంది. ఆ పిన్ను గ్యాస్ దారిని యాంత్రికంగా తెరుస్తుంది, పక్కనున్న మైక్రోస్విచ్‌నూ కదుపుతుంది. స్విచ్ మారగానే 3 వోల్టుల కరెంటు కంట్రోల్ బాక్సుకు అందుతుంది. బాక్సు ఒకపక్క స్పార్క్ కొడుతూ మరోపక్క సొలెనాయిడ్ వాల్వ్‌ను, అంటే కరెంటు కాయిల్‌తో పనిచేసే గ్యాస్ వాల్వ్‌ను, తెరుస్తుంది. గ్యాస్ అంటుకున్నాక మంటలో ఉన్న సెన్సర్ కడ్డీ 'మంట ఉంది' అన్న సంకేతం పంపుతుంది. అప్పుడు స్పార్క్ ఆగి, సొలెనాయిడ్ మాత్రం తెరిచే ఉంటుంది. కొన్ని సెకన్లలో సంకేతం రాకపోతే బాక్సు గ్యాస్ మూసేస్తుంది. ఓవర్‌హీట్ కటౌట్ ఈ కరెంటు దారి మధ్యలో కూర్చుని ఉంటుంది. అది తెగితే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా గ్యాస్ ఆగిపోతుంది.

పరీక్షకు ఏమేం కావాలి? ఎలక్ట్రీషియన్నే పిలవాలా?

మామూలు డిజిటల్ మల్టీమీటర్, స్క్రూడ్రైవర్, నున్నటి ఎమరీ పేపర్, సబ్బునీళ్లు, గడియారం. మీటరులో ఓమ్స్, డీసీ వోల్టులు, బీప్ వచ్చే కంటిన్యూటీ ఉంటే చాలు. సెల్స్, స్విచ్, కటౌట్, కాయిల్, సెన్సర్ కొలవడం మీటరు వాడటం తెలిసిన ఎవరైనా చేయవచ్చు. గ్యాస్ వాల్వ్ బాడీ విప్పడం, జెట్ మార్చడం, ఫ్యాన్ రకంలో కరెంటు ఉండగా కొలవడం మాత్రం తెలిసిన మిస్త్రీకే వదలండి.

కవరు విప్పే ముందు ఏ వరస పాటించాలి?

ముందు వాసన చూడండి. గ్యాస్ వాసన ఉంటే ఏ స్విచ్చూ వేయొద్దు, తీయొద్దు. మీటరు కూడా ఆన్ చేయొద్దు. రెగ్యులేటర్ కట్టి, తలుపులు తెరిచి బయటికి వచ్చి 1906 కు ఫోన్ చేయండి. అది ఎల్‌పీజీ లీకులకు దేశమంతటా ఉన్న అత్యవసర నంబరు. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది. పై కిటికీ ఒక్కటే తెరిస్తే అది పోదు, నేల మట్టంలో తలుపు తెరవాలి.

వాసన లేకపోతే రెగ్యులేటర్ కట్టండి. టాప్ తిప్పి లైనులో మిగిలిన గ్యాస్ మండి ఆరిపోనివ్వండి. తర్వాత సెల్స్ తీయండి, గీజర్ చల్లారాక కవరు విప్పండి. ఏ వైరూ పీకకముందే ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. ఒకే రంగు వైర్లు రెండు మూడు చోట్లకు వెళ్లే మోడళ్లు చాలా ఉన్నాయి.

## చల్లగా ఉన్నప్పుడు మీటరుతో చేసే పరీక్షలు

సెల్స్ కొత్తవే, అయినా టక్ టక్ మని స్పార్క్ వచ్చి మంట రావడం లేదు. సెల్స్‌దే తప్పా?

సెల్‌ను బయటికి తీసి కొలిస్తే మోసపోతాం. అరిగిన సెల్ కూడా ఖాళీగా ఉన్నప్పుడు 1.5 వోల్టుల దగ్గర చూపిస్తుంది. స్పార్క్ కొడుతుండగా, సొలెనాయిడ్ లాగుతుండగా సెల్ పెట్టె చివరల్లో కొలవాలి. రెండు సెల్స్ కలిపి 2.8 పైన నిలబడితే బాగున్నట్టే. 2.5 దాకా పడిపోతే మార్చేయండి. స్పార్క్‌కు తక్కువ శక్తి చాలు, సొలెనాయిడ్‌ను లాగడానికి ఎక్కువ కావాలి. అందుకే నీరసించిన సెల్స్‌తో చప్పుడు వస్తుంది, గ్యాస్ మాత్రం రాదు.

ఆల్కలైన్ సెల్స్ వేస్తే చలిలోనూ నిలబడతాయి. పాతదీ కొత్తదీ కలపొద్దు. పెట్టెలోని స్ప్రింగు మీద తెల్లటి, పచ్చటి పొడి చేరితే ఎమరీతో గీకి పొడిగుడ్డతో తుడవండి. కొత్త సెల్ వేసినా పని చేయని కేసుల్లో ఈ పొడి చాలాసార్లు కనిపిస్తుంది.

మైక్రోస్విచ్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

సెల్స్ తీసి, రెగ్యులేటర్ కట్టి, స్విచ్ కనెక్టర్ విడదీసి మీటరును కంటిన్యూటీలో పెట్టండి. టాప్ కట్టి ఉన్నప్పుడు ఒక స్థితి, తెరిచినప్పుడు దానికి వ్యతిరేకమైన స్థితి చూపాలి. ఏది బీప్, ఏది నిశ్శబ్దం అన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది. మారడమే ముఖ్యం. పదిసార్లు తెరిచి మూయండి. పదిసార్లూ వెంటనే మారాలి. ఒకసారి ఆలస్యంగా మారినా స్విచ్ మీద, డయాఫ్రమ్ పిన్ను మీద అనుమానం పెట్టుకోవాలి.

స్విచ్ మీటను వేలితో నొక్కితే టిక్కుమని మారుతూ, నీళ్లతో మాత్రం మారకపోతే తప్పు స్విచ్‌ది కాదు. నీళ్ల ఒత్తిడి చాలడం లేదు, లేదా గీజర్‌లోకి నీళ్లు వచ్చే చోట ఉన్న జల్లెడలో ఇసుక పట్టింది, లేదా రబ్బరు చిరిగింది. కొండవాగు నీళ్లు, బోరు నీళ్లు వాడే చోట జల్లెడ తరచుగా మూసుకుపోతుంది. ట్యాంకు నీటిమట్టం గీజర్ కంటే ప్రతి మీటరు ఎత్తున ఉన్నందుకు చదరపు సెంటీమీటరుకు సుమారు 0.1 కిలో ఒత్తిడి వస్తుంది. మీ గీజర్ లేబుల్ మీద రాసిన కనీస ఒత్తిడితో దాన్ని పోల్చుకోండి. ఒక అంతస్తు ఇంట్లో డాబా మీదే గీజర్ పెట్టి పక్కనే ట్యాంకు ఉంటే ఒత్తిడి ఎప్పటికీ చాలదు.

సొలెనాయిడ్ కాయిల్‌కు మూడు వైర్లు ఉన్నాయి. ఏది ఏమిటి?

లోపల రెండు కాయిల్స్ ఉంటాయి. ఒకటి వాల్వ్‌ను లాగేది. దానికి ఓమ్స్ తక్కువ, ఒక్క క్షణం ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. రెండోది లాగిన వాల్వ్‌ను పట్టి ఉంచేది. దానికి ఓమ్స్ చాలా ఎక్కువ, అందుకే చిన్న కరెంటుతో సెల్స్ నెలల తరబడి వస్తాయి. మూడో వైరు రెంటికీ ఉమ్మడి. ఉమ్మడి వైరు నుంచి కొలిస్తే ఒకదానికి చిన్న అంకె, ఇంకోదానికి పెద్ద అంకె రావాలి. ఓఎల్ అని గానీ, ఎడమ పక్కన 1 అని గానీ చూపితే ఆ కాయిల్ తెగింది. సున్నా చూపితే షార్ట్.

పట్టి ఉంచే కాయిల్ తెగిన గీజర్‌ను ఒక లక్షణంతో గుర్తుపట్టవచ్చు. మంట వెలుగుతుంది, స్పార్క్ ఆగుతుంది, ఆ క్షణమే మంట ఆరుతుంది.

ఓవర్‌హీట్ కటౌట్‌ను నిజంగా వేడి చేసి చూడాలా? వైర్లు కొలిస్తే చాలదా?

చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే సున్నా దగ్గర ఓమ్స్ చూపాలి, బీప్ రావాలి. అది సగం పరీక్ష మాత్రమే. కాంటాక్టులు అతుక్కుపోయిన కటౌట్ కూడా అలాగే బీప్ అంటుంది, ఎప్పటికీ తెగదు. అందుకే వేడి చేసి చూడాలి. పైపు మీద నుంచి కటౌట్ విప్పి, వైర్లు పీకి, మీటరు తగిలించి, దాని లోహపు ముఖాన్ని మరుగుతున్న నీళ్లున్న స్టీలు గ్లాసు గోడకు ఆనించండి. నీళ్లలో ముంచొద్దు. దాని మీద అచ్చు వేసిన డిగ్రీలు దాటగానే టిక్కుమని తెగాలి, చల్లారాక మళ్లీ కలవాలి.

కోరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, గ్లాసు గోడ దగ్గర ఇంకా తక్కువ ఉంటుంది. కటౌట్ మీద 85 అని ఉంటే ఈ పరీక్ష సరిగ్గా పనికొస్తుంది. 95 అని ఉంటే తెగకపోయినా పాడైందని తేల్చలేం. అలాంటప్పుడు అదే అంకె ఉన్న కొత్తది వేయడమే మేలు, ఇది చవకైన భాగం. వేరే అంకెది మాత్రం వేయొద్దు.

మిస్త్రీ 'సెన్సర్ శుభ్రం చేస్తే చాలు' అన్నాడు. ఆ చిన్న కడ్డీ మంటను ఎలా గుర్తిస్తుంది?

మంటలో విద్యుదావేశం ఉన్న కణాలు ఉంటాయి, కాబట్టి అది కాస్త కరెంటును మోస్తుంది. కంట్రోల్ బాక్సు కడ్డీకి అటూ ఇటూ మారే కరెంటు పంపుతుంది. కడ్డీ చిన్నది, ఎదురుగా ఉన్న బర్నర్ పెద్దది కనుక కరెంటు ఒక దిశలో ఎక్కువగా, రెండో దిశలో దాదాపు లేకుండా ప్రవహిస్తుంది. బాక్సు వెతికేది ఈ ఒకవైపు ప్రవాహాన్నే. అది మైక్రో ఆంపియర్లలో ఉంటుంది. కడ్డీ పొరపాటున బాడీకి తగిలితే కరెంటు రెండు దిశలా సమానంగా పోతుంది. సరిగ్గా పని చేసే బాక్సు దాన్ని మంటగా ఒప్పుకోదు. ఈ పద్ధతి గొప్పతనం అక్కడే ఉంది.

కరెంటు ఇంత సన్నది కాబట్టి చిన్న అడ్డు కూడా దాన్ని ఆపేస్తుంది. కడ్డీ మీద మసి, తెల్లటి పొర పడితే ఎమరీతో మెల్లగా రుద్దండి. తర్వాత రెండు కొలతలు తీయండి. కడ్డీ కొన నుంచి వైరు చివర దాకా బీప్ రావాలి. కడ్డీ నుంచి గీజర్ బాడీకి ఓఎల్ చూపాలి. తడి ఉదయాల్లో మాత్రమే మొండికేస్తే పింగాణీ గొట్టంలో సన్న పగులు వెతకండి. తేమ ఆ పగులు గుండా కరెంటును బాడీకి లాగేస్తుంది. ఇంకో చోటు అందరూ మరిచిపోతారు. బాక్సు నుంచి బర్నర్‌కు వెళ్లే ఎర్త్ వైరు స్క్రూ వదులైతే కడ్డీ ఎంత మెరిసినా సంకేతం రాదు. కడ్డీ కొన మంట లోపలికి ఉండాలి, పక్కకు వంగితే పాత ఫొటో చూసి సరిచేయండి.

## మంట వెలిగించి చేసే పరీక్షలు

మంట ఆరితే గ్యాస్ నిజంగా ఆగుతుందా అన్నది ఇంట్లో పరీక్షించవచ్చా?

పరీక్షించవచ్చు. గీజర్ ఆపి, సెన్సర్ వైరును కంట్రోల్ బాక్సు దగ్గర ఊడదీయండి. వైరు చివర ఏ లోహానికీ తగలకుండా టేపు చుట్టండి. స్పార్క్ వైరును పొరపాటున ముట్టొద్దు, అందులో వేల వోల్టులు ఉంటాయి. తలుపులు తెరిచి, రెగ్యులేటర్ తిప్పి, టాప్ తెరవండి. మంట వస్తుంది, స్పార్క్ మాత్రం ఆగకుండా కొడుతూనే ఉంటుంది. కొన్ని సెకన్లకు బాక్సు గ్యాస్ మూసేయాలి. ఎక్కువ మోడళ్లలో ఇది 10 సెకన్లలోపే జరుగుతుంది. వైరు ఊడి ఉన్నా మంట అలాగే మండుతూ ఉంటే ఆ బాక్సును వాడొద్దు. బాగుచేసే వస్తువు కాదది, మార్చాల్సిందే.

టాప్ కట్టేశాక మంట ఎంతసేపట్లో ఆరాలి?

ఒకటి రెండు సెకన్లలో. ఐదారుసార్లు కట్టి చూడండి. కట్టాక కూడా మంట మెల్లగా చిన్నదవుతూ నిలిచినా, పైపులో బుడబుడ చప్పుడు వచ్చినా వెంటనే రెగ్యులేటర్ కట్టండి. నీళ్లు కదలని రాగి గొట్టం కింద మంట మండుతోందన్నమాట. డయాఫ్రమ్ పిన్ను తుప్పుతో బిగుసుకుంటే మైక్రోస్విచ్, గ్యాస్ దారి రెండూ తెరుచుకునే ఉండిపోతాయి. అప్పుడు మిగిలేది ఓవర్‌హీట్ కటౌట్ ఒక్కటే.

సొలెనాయిడ్ మూసుకున్నా సన్నగా గ్యాస్ కారుతోందేమో ఎలా చూడాలి?

గీజర్ ఆరుబయట, గాలి ఆడే చోట ఉంటేనే ఈ పరీక్ష చేయండి. సెల్స్ తీసేసి, రెగ్యులేటర్ తెరిచి, టాప్ ఒక నిమిషం తెరిచి ఉంచండి. నీళ్ల ఒత్తిడికి యాంత్రిక గ్యాస్ దారి తెరుచుకుంటుంది, గ్యాస్‌ను ఆపేది సొలెనాయిడ్ ఒక్కటే. బర్నర్ దగ్గర వాసన రాకూడదు. వస్తే వాల్వ్ సీటు మీద మురికి గానీ, గట్టిపడిన రబ్బరు గానీ ఉంది. రెగ్యులేటర్ కట్టి వాల్వ్ మార్పించండి. పైపు కీళ్లకు సబ్బునీళ్లే వాడండి, అగ్గిపుల్ల ఎప్పుడూ వద్దు.

వెలిగేటప్పుడు 'ధభ్' మని చప్పుడు వస్తోంది. ప్రమాదమా?

ప్రమాదమే, వాడకం ఆపండి. గ్యాస్ ముందు చేరి మంట ఆలస్యంగా అంటుకుంటోంది. సెల్స్ నీరసించడం, స్పార్క్ కొనకూ బర్నర్‌కూ మధ్య దూరం 3 నుంచి 5 మిల్లీమీటర్లు దాటిపోవడం, బర్నర్ రంధ్రాల్లో దుమ్ము, సాలీడు గూడు ఉండటం కారణాలు. వేసవంతా మూలన ఉన్న గీజర్‌లో సాలీడు గూడు మామూలే.

20 నిమిషాలకు దానంతటదే ఆగిపోతోంది. చెడిపోయిందా?

చెడిపోలేదు. చాలా మోడళ్లలో కంట్రోల్ బాక్సులోనే 20 నిమిషాల టైమర్ ఉంటుంది. గడియారం పెట్టి చూడండి. ప్రతిసారీ ఒకే సమయానికి ఆగితే అది టైమర్. ఒకసారి 6 నిమిషాలకు, ఇంకోసారి 9 నిమిషాలకు ఆగితే కటౌట్ తెగుతోంది, అంటే గొట్టంలో సున్నపు పొర కట్టి నీళ్లు మరీ కాగుతున్నాయి. టాప్ కట్టి మళ్లీ తెరిచి టైమర్‌ను మొదటికి తేవడం చాలామంది చేస్తారు. మూసి ఉన్న గదిలో అది ప్రాణాల మీదికి తెచ్చే పని.

ఫ్యాన్ ఉన్న, కరెంటుతో నడిచే గీజర్‌కు అదనంగా ఏం చూడాలి?

ప్లగ్గు పాయింటులో ఫేజ్, న్యూట్రల్ మధ్య 230 వోల్టుల దగ్గర రావాలి. ఫేజ్, ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఎర్త్ లేని చోట బాడీకి షాక్ వచ్చే ప్రమాదంతో పాటు మంట సెన్సర్ కూడా తప్పుగా చదవవచ్చు. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంపే స్విచ్) పెట్టించి, టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి.

వీటిలో గాలి ఒత్తిడి స్విచ్ ఉంటుంది. ఫ్యాన్ నిజంగా పొగను తోస్తేనే అది కలుస్తుంది, కలిస్తేనే గ్యాస్ వస్తుంది. ప్లగ్గు పీకి దాని చిన్న గొట్టం విప్పి కొలిస్తే మామూలుగా తెగి ఉండాలి, గొట్టంలో నోటితో మెల్లగా పీల్చినా, ఊదినా ఏదో ఒకవైపు కలవాలి. ఎప్పుడూ కలిసే ఉంటే పాడైనట్టే.

## చలి, ఎత్తు, గాలి

పొద్దున్నే చలిలో మంట చిన్నదైపోతోంది. కంట్రోల్స్ పాడయ్యాయా?

సాధారణంగా కాదు. ఎల్‌పీజీలోని బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది, ప్రొపేన్ మాత్రం మైనస్ 42 దాకా ఆవిరవుతుంది. గీజర్ గంటకు సుమారు కిలో గ్యాస్ లాగుతుంది, ఆ వేగానికి సిలిండర్ ఇంకా చల్లబడుతుంది. సగం కంటే తక్కువ ఉన్న సిలిండర్‌లో ఒత్తిడి త్వరగా పడిపోతుంది. సిలిండర్ మీద మంచు బిందువులు కనిపిస్తే ఇదే కారణం. సిలిండర్‌ను వేడినీళ్లలో పెట్టొద్దు, దాని మీద పోయొద్దు. చలికాలంలో గీజర్‌కు నిండు సిలిండర్ తగిలించి, తగ్గినదాన్ని పొయ్యికి మార్చుకోండి.

ఇన్ని భద్రతా పరికరాలు ఉన్నాయి కదా, బాత్రూంలో పెట్టుకోవచ్చా?

పెట్టొద్దు. ఇక్కడ కొంచెం ఆగి లెక్క చూడండి. కిలో ఎల్‌పీజీ పూర్తిగా మండడానికి దాదాపు 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు బాత్రూంలో ఉండేది సుమారు 8 ఘనపు మీటర్లు. పావుగంట స్నానానికి 3 ఘనపు మీటర్ల పైన గాలిలోని ఆక్సిజన్ ఖర్చయిపోతుంది. కోరాపుట్ ఎత్తులో గాలి ఇంకా పలుచన. ఆక్సిజన్ తగ్గే కొద్దీ మంట సగం సగం మండి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు, వాసన లేవు.

మైక్రోస్విచ్ నీళ్లను చూస్తుంది, సెన్సర్ మంటను చూస్తుంది, కటౌట్ వేడిని చూస్తుంది. మన ఇళ్లలోని మామూలు గీజర్‌లో కార్బన్ మోనాక్సైడ్‌ను చూసేది ఏదీ లేదు. పరీక్షలన్నీ నెగ్గిన గీజర్ కూడా మూసిన గదిలో మనిషిని చంపగలదు. పండగకు చుట్టాలు వచ్చి ఒకరి తర్వాత ఒకరు తలుపు మూసి స్నానం చేసే రోజు మరీ ప్రమాదం. మొదటి వాళ్లకు ఏమీ కాదు, నాలుగో వాళ్లకు కళ్లు తిరుగుతాయి. గీజర్‌ను బాల్కనీలోనో, బయటి గోడకో బిగించి, వేడినీళ్ల పైపు మాత్రం లోపలికి తెచ్చుకోండి. లోపల ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేశాం కదా అనుకోవద్దు. గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే అది పొగను గదిలోకే లాగవచ్చు.

స్నానం చేస్తుండగా తలనొప్పి, వాంతి వచ్చేట్టు ఉంటే?

టాప్ కట్టి వెంటనే బయటికి రండి. లోపల ఎవరైనా పడిపోతే తలుపు పగలగొట్టి ఆరుబయటికి తెచ్చి 108 కు ఫోన్ చేయండి. ఆసుపత్రిలో 'గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూంలో పడిపోయారు' అని మొదటి మాటగా చెప్పండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా మామూలుగానే చూపిస్తుంది. ఆ అంకె చూసి పర్వాలేదనుకుంటే చికిత్స ఆలస్యమవుతుంది.

## రిపేరు, కొనుగోలు

మిస్త్రీ రిపేరు చేసి వెళ్లాక ఏం గమనించాలి?

కటౌట్ వైర్లు రెండూ మెలిపెట్టి టేపు చుట్టి ఉన్నాయేమో చూడండి. అది బైపాస్. మైక్రోస్విచ్ వైర్లకూ అలాగే చూడండి. రెండింటిలో ఏది కనిపించినా అసలు భాగం వచ్చేదాకా గీజర్ వాడొద్దు. డబ్బు ఇచ్చే ముందే టాప్ కట్టి మంట ఆరడం, సెన్సర్ వైరు ఊడదీస్తే గ్యాస్ ఆగడం మీ ఎదురుగా చేసి చూపమనండి.

విడిభాగాలు జైపూర్‌లోనో, విశాఖలోనో కొనాలి. ఏం పట్టుకెళ్లాలి?

పాత భాగాన్నే పట్టుకెళ్లండి, లేదా లేబుల్, కనెక్టర్, వైర్ల సంఖ్య కనిపించేలా ఫొటోలు. కంట్రోల్ బాక్సు కనెక్టర్ సరిపోయినా లోపలి అమరిక వేరుగా ఉండవచ్చు. సొలెనాయిడ్‌కు రెండు వైర్లా మూడా అన్నది తప్పక చూసుకోండి. కొత్త గీజర్ కొంటుంటే ఐఎస్ 15558 గుర్తు చూడండి. ఇలాంటి చిన్న ఎల్‌పీజీ గీజర్లకు భారత ప్రమాణం అదే. గ్యాస్ పైపు మీద ఐఎస్ 9573 అచ్చు ఉండాలి, ఐదేళ్లకు మార్చాలి. కంట్రోల్ బాక్సు, వాల్వ్, గొట్టం మూడూ ఒకేసారి పోతే రిపేరుకు డబ్బు పెట్టకండి. ఆ డబ్బుతో కొత్తది కొని, బయటి గోడకు బిగించుకోండి.